ఉదాసీనత వక్రరేఖలు ఎవరి బుర్రలో ఉంటాయి? వినియోగదారుడి ఎంపిక మీద నా సందేహాలు

కొత్త చదువరి

అందరికీ నమస్కారం. ఆర్థికశాస్త్రం మొదటి సంవత్సరం చదువుతున్నాను. వినియోగదారుడి ప్రవర్తన అధ్యాయం దగ్గర ఇరుక్కుపోయాను. పరీక్షకు సరిపడా వచ్చు. ఉదాసీనత వక్రరేఖ (ఒకే తృప్తినిచ్చే వస్తువుల కలయికలను కలిపే గీత) గీస్తాను, బడ్జెట్ రేఖ (ఉన్న డబ్బంతా పెట్టి కొనగలిగే కలయికల గీత) గీస్తాను, రెండూ తాకిన చోట చుక్క పెట్టి సమతౌల్యం అని రాస్తాను. మార్కులు వస్తాయి. అయినా ఆ బొమ్మ గీసిన ప్రతిసారీ ఒకే ప్రశ్న మిగిలిపోతోంది. వస్తువు కొనేటప్పుడు ఇలా ఎవరు ఆలోచిస్తారు? నేను ఆలోచించను. నాకు తెలిసినవాళ్లలో ఎవరూ ఆలోచించరు. ఎవరి బుర్రలోనూ లేని గీతలను సిద్ధాంతం అని ఎందుకు చదువుతున్నాం?

ఇంకో సందేహం. ఒక పేజీలో మొదటి యూనిట్‌కు 20 ప్రయోజనం (అంటే వస్తువు ఇచ్చే తృప్తి), రెండో యూనిట్‌కు 16 అని పట్టిక ఇస్తారు. నాలుగు పేజీలు తిప్పేసరికి ప్రయోజనాన్ని కొలవలేం అంటారు. రెండూ ఒకే అధ్యాయంలో ఎలా ఉంటాయి? క్లాసులో అడిగితే "సిలబస్‌లో రెండూ ఉన్నాయి, రెండూ రాయి" అన్నారు. ఎవరైనా ఓపిగ్గా చెబితే చాలా మేలు.

తక్కెడ

మీ అనుమానం సరైనదే, దాన్ని వదలకండి. మనిషి అలవాటు మీద కొంటాడు, పక్కవాళ్లను చూసి కొంటాడు, ముందు కంటపడిందాన్ని కొంటాడు. హెర్బర్ట్ సైమన్ 1955లోనే ఈ దారిలో రాశారు. మనిషికి అన్ని వివరాలూ తెలియవు, తెలిసినా అన్నీ లెక్కగట్టే శక్తి లేదు. అందుకే అన్నిటికన్నా మంచిదాని కోసం చివరిదాకా వెతకడు, 'ఇది చాలు' అనిపించేది దొరకగానే ఆగిపోతాడు. 1978లో ఆయనకు ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది. పాఠ్యపుస్తకాలు మాత్రం ఇంకా అదే బొమ్మ గీస్తున్నాయి.

లెక్కలపిచ్చి

రెండో సందేహం నేను తీరుస్తాను. పట్టిక ఉన్నది పాత పద్ధతి, అందులో ప్రయోజనాన్ని అంకెల్లో కొలుస్తారు. ఒక వస్తువు ఎక్కువయ్యేకొద్దీ అదనపు యూనిట్ ఇచ్చే ప్రయోజనం తగ్గుతుంది, అదే క్షీణోపాంత ప్రయోజన సూత్రం. కాబట్టి అన్ని వస్తువుల ఉపాంత ప్రయోజనాలూ (చివరి యూనిట్ ఇచ్చే ప్రయోజనాలు) సమానమయ్యేలా డబ్బు పంచాలి. కొత్త పద్ధతిలో కొలత అక్కర్లేదు, ఏది ఎక్కువ ఇష్టమో చెప్పగలిగితే చాలు. సమాధానం రెండింటిలోనూ ఒకటే వస్తుంది.

సాయంకాలం క్లాసు

లెక్కలపిచ్చి గారూ, ఒక్క సవరణ. ఇది చాలామంది చేసే పొరపాటు, నా విద్యార్థుల జవాబు పత్రాల్లో ఏటా చూస్తాను. సమానం కావాల్సింది ఉపాంత ప్రయోజనాలు కాదు. ఉపాంత ప్రయోజనాన్ని ధరతో భాగిస్తే వచ్చేవి.

ఎక్స్ అనే వస్తువు ధర 10, వై ధర 4 అనుకోండి. రెండింటిలోనూ చివరి యూనిట్ ఇచ్చిన ప్రయోజనం 20. మీ సూత్రం ప్రకారం ఇక్కడ ఆగిపోవాలి. కానీ ఎక్స్ మీద పెట్టిన ఒక్కో నాణేనికి దక్కింది 2, వై మీద పెట్టిన ఒక్కో నాణేనికి దక్కింది 5. ఒక ఎక్స్ మానుకుంటే 10 నాణేలు మిగులుతాయి, వాటితో రెండున్నర వై వస్తాయి. ఇలా మార్చుకుంటే లాభం ఉన్నంతవరకు ఆ మనిషి ఇంకా సమతౌల్యానికి చేరనట్టే.

లెక్కలపిచ్చి

నిజమే మేడమ్. ధరలు సమానంగా ఉన్నప్పుడే నేను చెప్పింది చెల్లుతుంది. థాంక్యూ.

పాత పుస్తకం

మేడమ్ చెప్పిన సూత్రం వెనక ఒక మనిషి ఉన్నాడు. అతని గురించి చెప్పకుండా ముందుకు పోతే నాకు మనసొప్పదు. హెర్మన్ గాసెన్ ప్రష్యాలో చిన్న ప్రభుత్వోద్యోగి. ఉద్యోగం వదిలేశాక ఏళ్ల తరబడి కూర్చుని 1854లో ఒక పుస్తకం అచ్చువేయించాడు. అదనపు యూనిట్‌తో తృప్తి తగ్గుతుందన్న మాట, చివరి నాణెం ఏ వస్తువు మీద పెట్టినా ఒకే తృప్తి దక్కేలా డబ్బు పంచుకోవాలన్న మాట, రెండూ అందులో ఉన్నాయి. ఖగోళశాస్త్రానికి కోపర్నికస్ ఏం చేశాడో ఈ శాస్త్రానికి తాను అదే చేశానని నమ్మాడు. పుస్తకం ఎవరూ కొనలేదు. 1858లో మిగిలిన ప్రతులను వెనక్కి తెప్పించుకున్నాడు. అదే ఏడాది చనిపోయాడు.

1871లో ఇంగ్లండ్‌లో జెవన్స్, వియన్నాలో మెంగర్, 1874లో లోజాన్‌లో వాల్రాస్ అనే ఆర్థికవేత్తలు ఎవరికి వారుగా ఇదే ఆలోచనకు చేరారు. గాసెన్ పుస్తకం సంగతి జెవన్స్‌కు 1878లో తెలిసింది. మరుసటి ఏడాది తన పుస్తకం రెండో కూర్పులో, ఈ ఆలోచన తనకంటే ముందు గాసెన్‌ది అని రాశాడు. అలా ఒప్పుకోవడానికి చాలా నిజాయితీ కావాలి.

ఒకే అధ్యాయంలో రెండు పద్ధతులు ఎందుకున్నాయో కూడా చరిత్రే చెబుతుంది. ఉదాసీనత వక్రరేఖను 1881లో తెచ్చిన ఎడ్జ్‌వర్త్ ప్రయోజనాన్ని కొలవగలమని గట్టిగా నమ్మినవాడు. సంతోషాన్ని క్షణక్షణం నమోదు చేసే యంత్రాన్ని కూడా ఊహించాడు. పరేటో అవే రేఖలను తీసుకుని, కొలతను పక్కనపెట్టి, 1906 నాటి తన పుస్తకంలో ఇష్టాల వరుస ఒక్కటీ ఉంచుకున్నాడు. 1934లో హిక్స్, ఆలెన్ ఆ దారిని పూర్తిచేశారు. మీ పుస్తకంలో ఆ నాలుగు పేజీల మధ్య అర్ధశతాబ్దం గడిచింది.

కొత్త చదువరి

పాత పుస్తకం గారూ, ఇది ముందే తెలిసి ఉంటే ఆ అధ్యాయం ఇంత చేదుగా ఉండేది కాదు. కానీ నా మొదటి ప్రశ్న అలాగే ఉంది. కొలత తీసేశారు సరే, గీతలు ఎవరి బుర్రలో ఉన్నాయి?

సాయంకాలం క్లాసు

బుర్రలో ఉన్నాయని సిద్ధాంతం అనడమే లేదు. ఇక్కడే చాలామంది విద్యార్థులు దారి తప్పుతారు. తప్పు వాళ్లది కాదు, మేం చెప్పే తీరుది.

మూడేళ్ల పిల్ల 'వాడెక్కడ' అంటుంది. 'వాడు ఎక్కడ' అనే రెండు మాటలు కలిసి, మధ్యలో ఉకారం పోయింది. ఆ పిల్లకు ఉత్వ సంధి తెలుసా? తెలియదు. కానీ ఆ పిల్ల మాట్లాడే తీరు ఉత్వ సంధి ప్రకారమే ఉంది. సూత్రం వ్యాకరణం రాసినవాడిది, మాట పిల్లది. వ్యాకరణం రాసినవాడు పిల్ల బుర్రలోకి తొంగి చూడలేదు, మాటలు విని క్రమం పట్టుకున్నాడు. ఉదాసీనత వక్రరేఖ కూడా అలాంటిదే. అది ఎంపికలోని క్రమాన్ని రాసుకోవడానికి మనం గీసిన గీత.

సిద్ధాంతం మనిషి మీద పెట్టే షరతులు నిజానికి కొన్నే. రెండు బుట్టలు (వస్తువుల కలయికలు) ముందు పెడితే ఏది ఇష్టమో, లేక రెండూ ఒకటేనో చెప్పగలగాలి. మొదటిది రెండోదానికంటే, రెండోది మూడోదానికంటే ఇష్టమైతే, మొదటిది మూడోదానికంటే ఇష్టం కావాలి. మామూలుగా ఎక్కువ ఉంటే మేలు అనిపించాలి. వక్రరేఖ మూల బిందువు వైపు ఉబ్బి ఉండడానికి ఇంకొక షరతు కావాలి: ఒకటి బాగా ఎక్కువగా, ఇంకోటి బాగా తక్కువగా ఉండేకన్నా రెండూ కలిసి ఉండడం నచ్చాలి. వీటిలో ఎక్కడా లెక్కలు వేసే మనిషి లేడు. స్వార్థపరుడు కావాలన్న షరతు కూడా లేదు. బిడ్డ కోసం కొనేవాళ్లకూ దానం చేసేవాళ్లకూ ఇష్టాల వరుస ఉంటుంది.

ఇంటి లెక్క

నేను ఆర్థికశాస్త్రం చదవలేదు, ఈ వేదికలో ఎక్కువగా చదివి వెళ్లిపోతుంటాను. కానీ 'ఎవరూ ఇలా ఆలోచించరు' అనడం నాకు నచ్చలేదు. ఇరవై ఏళ్లుగా ఇంటి ఖర్చు రాస్తున్నాను. డబ్బు ఇంతే అని తెలిశాక ఒకటి పెంచాలంటే ఇంకోటి తగ్గించాలి. ఇది ఒకటి మానేస్తే అది ఎన్ని వస్తాయి, అన్ని వస్తే నాకు సరిపోతుందా అని ప్రతి నెలా చూసుకుంటాను. గీత గీయను, నిజమే. కానీ ఆ లెక్క ప్రతిసారీ వేస్తాను.

సాయంకాలం క్లాసు

అమ్మా, మీరు చెప్పిన రెండు ప్రశ్నలే ఆ బొమ్మ మొత్తం. "ఒకటి మానేస్తే అది ఎన్ని వస్తాయి" అన్నది ధరల నిష్పత్తి, అంటే బడ్జెట్ రేఖ వాలు. అది మార్కెట్ చెబుతుంది, మీ ఇష్టంతో పని లేదు. "అన్ని వస్తే నాకు సరిపోతుందా" అన్నది ఉపాంత ప్రతిస్థాపన రేటు, అంటే ఉదాసీనత వక్రరేఖ వాలు. అది మీరు మాత్రమే చెప్పగలరు. మార్కెట్ ఇచ్చేది మీకు సరిపోయేదానికంటే ఎక్కువైతే మారుస్తారు, తక్కువైతే వెనక్కి తిప్పుతారు. రెండూ సరిసమానమైన చోట ఇక మార్చబుద్ధి కాదు. పుస్తకంలో చుక్క పెట్టేది అక్కడే.

ఇంటి లెక్క

ఇన్నేళ్లూ చేసిన పనికి పేరుందని ఇవాళే తెలిసింది. సంతోషం అండీ.

కొత్త చదువరి

ఇది మొదటిసారి అర్థమైంది. నేను గీతలను చూస్తున్నాను, వాలును చూడలేదు. అయితే తర్వాత వచ్చే ఆదాయ ప్రభావం, ప్రతిస్థాపన ప్రభావం? ధర మారింది, కొనుగోలు మారింది. దాన్ని రెండు ముక్కలు చేయడం ఎందుకు? అసలు జరిగేది ఒక్కటే కదా?

లెక్కలపిచ్చి

ఇది అంకెలతో చేద్దాం, నాకు వచ్చింది అదే. ఆదాయం 120. ఎక్స్ ధర 6, వై ధర 4. ఇష్టాల వరుసను ఎక్స్ × వై అనే లబ్ధంతో రాద్దాం, లబ్ధం పెద్దదైతే ఆ బుట్ట ఎక్కువ ఇష్టం. ఈ రకం ఇష్టంలో ఆదాయంలో సగం ఒక వస్తువుకు, సగం రెండోదానికి పోతుంది. కాబట్టి 10 ఎక్స్, 15 వై. లబ్ధం 150. సరిచూసుకోండి: ఇక్కడ ఒక ఎక్స్ వదలాలంటే అతనికి ఒకటిన్నర వై కావాలి (15ను 10తో భాగిస్తే). మార్కెట్ ఇచ్చేదీ ఒకటిన్నరే (6ను 4తో భాగిస్తే). సరిపోయింది.

ఇప్పుడు ఎక్స్ ధర 6 నుంచి 10కి పెరిగింది. మళ్లీ సగం సగం: 6 ఎక్స్, 15 వై. ఎక్స్ 10 నుంచి 6కు పడింది. మొత్తం ప్రభావం మైనస్ 4.

దీన్ని విడదీయడానికి ఒక మధ్య మజిలీ ఊహిద్దాం. పాత బుట్ట (10, 15) కొత్త ధరల్లో 160 అవుతుంది. ఆ మనిషికి అదనంగా 40 ఇచ్చాం, పాత బుట్టే కొనుక్కోగలడు. కొంటాడా? కొనడు. 160లో సగం 80, అంటే 8 ఎక్స్, 20 వై. డబ్బు లోటు లేకపోయినా ఎక్స్ 10 నుంచి 8కి తగ్గించాడు. ఎక్స్ ఖరీదైంది కాబట్టి వై వైపు జరిగాడు. ఈ మైనస్ 2 ప్రతిస్థాపన ప్రభావం. ఇప్పుడు ఇచ్చిన 40 వెనక్కి తీసుకుంటే 8 నుంచి 6కి వస్తాడు. ఈ మైనస్ 2 ఆదాయ ప్రభావం.

కొత్త చదువరి

లెక్క అర్థమైంది. కానీ ఒకటి వింతగా ఉంది. వై మొదట 15, చివర కూడా 15. అంటే ఎక్స్ ధర పెరగడం వల్ల వై మీద ఏ ప్రభావమూ లేదా?

సాయంకాలం క్లాసు

మంచి చోట ఆగావు. లెక్కలపిచ్చి గారి మధ్య మజిలీలో వై ఎంతో చూడు.

కొత్త చదువరి

20! 15 నుంచి 20కి పెరిగి, మళ్లీ 20 నుంచి 15కి తగ్గింది. ఎక్స్ ఖరీదైందని వై వైపు 5 జరిగాడు, చేతిలో డబ్బు విలువ తగ్గిందని 5 వెనక్కి వచ్చాడు. రెండూ ఒకదాన్నొకటి కొట్టేశాయి.

బయటి నుంచి చూస్తే ఏమీ జరగలేదనిపిస్తుంది. లోపల రెండు జరిగాయి. మేడమ్, విడదీయడం ఎందుకో ఇప్పుడు తెలిసింది.

సాయంకాలం క్లాసు

అవును. ధర పెరగడం అంటే రెండు సంగతులు ఒకేసారి జరగడం. ఆ వస్తువు మిగతావాటితో పోలిస్తే ప్రియమైంది. దాంతోపాటు మనిషి కాస్త పేదవాడయ్యాడు. వీటిలో మొదటిదాని దిశ సిద్ధాంతం ఖాయంగా చెబుతుంది: ప్రియమైనదాన్ని ఎక్కువ కొనడం జరగదు. రెండోదాని దిశ ఖాయంగా చెప్పలేదు. పేదరికంలో కొన్ని తగ్గిస్తాం, కొన్ని పెంచుతాం కూడా.

పాత పుస్తకం గారూ, స్లట్‌స్కీ కథ మీరు చెబితే బాగుంటుంది.

పాత పుస్తకం

తప్పకుండా. యెవ్గెనీ స్లట్‌స్కీ కీవ్‌లో ఉండేవాడు. లెక్కలపిచ్చి గారు చేసిన విభజనను 1915లో ఒక ఇటాలియన్ పత్రికలో సమీకరణంగా ప్రచురించాడు. యుద్ధ కాలం, పైగా నిండా గణితం, ఎవరి కంటా పడలేదు. హిక్స్, ఆలెన్ 1934లో అదే ఫలితానికి సొంతంగా చేరుకున్నాక స్లట్‌స్కీ వ్యాసం వెలుగులోకి వచ్చింది. హిక్స్ 1939 నాటి తన పుస్తకంలో ఈ సిద్ధాంతం సారం స్లట్‌స్కీదే అని ఒప్పుకున్నాడు. గాసెన్‌కు జెవన్స్ చేసిన న్యాయం ఇతనికి హిక్స్ చేశాడు. తేడా ఏమిటంటే, స్లట్‌స్కీ అప్పటికి బతికే ఉన్నాడు.

ఇంటి లెక్క

నాదొక ప్రశ్న, తప్పైతే మన్నించండి. పై లెక్కలో 40 ఇస్తే పాత బుట్టే కొనుక్కోవచ్చన్నారు. ధరలు పెరిగినప్పుడు జీతానికి కలిపే భత్యం కూడా ఇలాగే లెక్కిస్తారా? అలా ఇస్తే నష్టం పూర్తిగా తీరిపోయినట్టేనా?

లెక్కలపిచ్చి

తప్పు ప్రశ్న కాదండీ, ఈ చర్చలో ఇదే చాలా ముఖ్యమైన ప్రశ్న అని నా అభిప్రాయం. చూడండి: 40 ఇచ్చాక ఆయన కొన్న బుట్ట (8, 20), లబ్ధం 160. పాత బుట్ట లబ్ధం 150. అంటే నష్టం తీరడమే కాదు, మొదటికంటే మెరుగయ్యాడు. పాత లబ్ధం 150కి చేరడానికి కొత్త ధరల్లో కావాల్సింది సుమారు 155 మాత్రమే, అంటే అదనంగా 35 చాలు. మిగిలిన 5 ఎక్కువ ఇచ్చినట్టు. 35 ఇవ్వడం హిక్స్ పద్ధతి, 40 ఇవ్వడం స్లట్‌స్కీ పద్ధతి.

(160, 150 మధ్య తేడా '10' అన్న అంకెకు మాత్రం అర్థం లేదు. పెద్దది, చిన్నది అన్నదే లెక్క.)

సాయంకాలం క్లాసు

బుట్టను కదలకుండా పెట్టి లెక్కించే ధరల సూచీలన్నిటిలోనూ ఈ దోషం ఉంటుంది. జనం ప్రియమైనదాన్ని తగ్గించి చవకైనదాని వైపు జరుగుతారు, సూచీ మాత్రం పాత బుట్టనే పట్టుకుని ఉంటుంది. అమెరికాలో 1996లో బోస్కిన్ కమిషన్ దీన్ని పరిశీలించింది. వాళ్ల వినియోగదారుల ధరల సూచీ జీవన వ్యయం పెరుగుదలను ఏడాదికి సుమారు 1.1 శాతం పాయింట్లు ఎక్కువగా చూపుతోందని అంచనా వేసింది. అందులో ఈ ప్రతిస్థాపన ఒక భాగం, కొత్త వస్తువులు, నాణ్యతలో మార్పులు ఇంకా పెద్ద భాగం. ఆ అంచనా మీద చాలా వాదోపవాదాలు జరిగాయి. పింఛన్లు, పన్ను శ్లాబులు ఆ సూచీకి ముడిపడి ఉంటాయి కాబట్టి జరగాలి కూడా. కొత్త చదువరీ, 'ఎవరి బుర్రలోనూ లేని గీతలు' ఎందుకు చదవాలని అడిగావు కదా. ఒక వృద్ధుడి పింఛను ఎంత పెరగాలన్న ప్రశ్న ఆ గీతల వంపు మీద ఆధారపడి ఉంది.

తక్కెడ

ఇక్కడిదాకా ఒప్పుకుంటున్నాను. కానీ 'క్రమం ఉంటే చాలు' అని మేడమ్ అన్నది అంత చిన్న షరతు కాదు. ఆ క్రమం నిజంగా ఉందా? కానెమన్, క్నెచ్, థేలర్ 1990లో ప్రచురించిన ప్రయోగం చూడండి. విద్యార్థుల్లో సగం మందికి ఒక్కో కాఫీ కప్పు ఇచ్చారు. ఎవరికి ఇవ్వాలన్నది ఏ ప్రాతిపదికా లేకుండా నిర్ణయించారు. తర్వాత అమ్మకం, కొనుగోలు మొదలుపెట్టారు. కప్పు ఉన్నవాళ్లు అడిగిన ధర, లేనివాళ్లు ఇస్తామన్న ధరకు దాదాపు రెండింతలు! కప్పు చేతికొచ్చి కొద్ది నిమిషాలే అయింది. ఉదాసీనత వక్రరేఖ మనం ఎక్కడ నిలబడి చూసినా ఒకటే అని పుస్తకం అనుకుంటుంది. ఇక్కడ నిలబడిన చోటును బట్టి గీత మారిపోయింది. కప్పు లాంటి చిన్న వస్తువు విషయంలో ఆదాయ ప్రభావం అని సర్దిచెప్పడం కూడా కుదరదు.

సాయంకాలం క్లాసు

కుదరదు, ఒప్పుకుంటాను. అది ఈ సిద్ధాంతానికి తగిలిన నిజమైన దెబ్బ, దాన్ని క్లాసులో దాచకూడదు. కానీ దెబ్బ తగిలిందని ఎలా తెలిసింది? సిద్ధాంతం ఒక స్పష్టమైన మాట చెప్పింది కాబట్టి, ఆ మాట ఇక్కడ తప్పిందని చూపగలిగారు. శామ్యూల్సన్ 1938లో చేసిన మేలు ఇదే. మనిషి ఇష్టాల గురించి ఊహలు వద్దు, అతను కొన్నదాన్ని చూద్దాం అన్నాడు. రెండు బుట్టలూ అందుబాటులో ఉండగా ఒకటి తీసుకుంటే, ఆ ఇష్టాన్ని చేతలో వెల్లడించినట్టే.

లెక్కలపిచ్చి గారూ, దీనికి ఒక ఉదాహరణ ఇవ్వగలరా?

లెక్కలపిచ్చి

ఒకసారి ఎక్స్ ధర 2, వై ధర 4. అతను 4 ఎక్స్, 6 వై కొన్నాడు, ఖర్చు 32. ఇంకోసారి ఎక్స్ ధర 4, వై ధర 2. అప్పుడు 6 ఎక్స్, 4 వై కొన్నాడు, ఖర్చు మళ్లీ 32.

మొదటి ధరల్లో రెండో బుట్ట 28కే వచ్చేది. అయినా మొదటిదే తీసుకున్నాడు, కాబట్టి మొదటిదే ఎక్కువ ఇష్టం. రెండో ధరల్లో మొదటి బుట్ట 28కే వచ్చేది. అయినా రెండోది తీసుకున్నాడు, కాబట్టి రెండోదే ఎక్కువ ఇష్టం. రెండూ ఒకేసారి నిజం కాలేవు. ఏ వరుసలో పేర్చినా ఈ మనిషి ఎంపికలు ఇమడవు. ఏది ప్రియమైతే అదే ఎక్కువ కొన్నాడు.

తక్కెడ

లేదా రెండు కొనుగోళ్ల మధ్యలో అతని అభిరుచే మారి ఉండొచ్చు. అప్పుడు అతను తప్పు చేయలేదు, మీ పరీక్షే తప్పింది.

సాయంకాలం క్లాసు

అది న్యాయమైన అభ్యంతరం. అభిరుచి మారలేదన్న నమ్మకంతోనే ఈ పరీక్ష నిలబడుతుంది. అందుకే ప్రయోగశాలలో అన్ని ఎంపికలనూ ఒకే సిట్టింగ్‌లో అడుగుతారు. హార్బాగ్, క్రౌజ్, బెర్రీ 2001లో ప్రచురించిన అధ్యయనం నాకు చాలా ఇష్టం. సుమారు ఏడేళ్ల పిల్లలకు, పదకొండేళ్ల పిల్లలకు, కాలేజీ విద్యార్థులకు ఇదే పరీక్ష పెట్టారు. ఏడేళ్ల పిల్లల ఎంపికల్లో తప్పులు ఎక్కువే వచ్చాయి, అయినా ఊరికే చేతికందింది తీసుకున్నవాళ్ల కంటే చాలా మెరుగు. పదకొండేళ్లకు వచ్చేసరికి కాలేజీ విద్యార్థులతో సమానమయ్యారు. ఆ పిల్లలెవరూ మా క్లాసులో కూర్చోలేదు.

ఇంకోటి కూడా చెప్పాలి. గ్యారీ బెకర్ 1962లో ఒక ప్రశ్న వేశాడు: జనం ఏ క్రమమూ లేకుండా, బడ్జెట్ రేఖ మీద ఎక్కడో ఒకచోట వేలు పెట్టినట్టు కొంటే ఏమవుతుంది? ధర పెరిగితే బడ్జెట్ రేఖే లోపలికి తిరుగుతుంది, ఆ వస్తువును ఎక్కువ కొనే అవకాశాలే తగ్గిపోతాయి. కాబట్టి గుంపు మొత్తం మీద సగటున ఆ వస్తువు కొనుగోలు తగ్గుతుంది. ఇలా ఆలోచన లేకుండా కొన్నా గుంపు డిమాండ్ రేఖ కిందికే వాలుతుంది. పాఠాల్లో వక్రరేఖకు ఇచ్చే చోటు బడ్జెట్ రేఖకు ఇవ్వరు. అది అన్యాయం అని నా నమ్మకం.

కొత్త చదువరి

అయితే గిఫెన్ వస్తువు? అక్కడ ధర పెరిగితే కొనుగోలు పెరుగుతుంది కదా. ఇది కూడా కథేనా, నిజమా?

పాత పుస్తకం

ఆర్థికవేత్త మార్షల్ తన పుస్తకం 1895 కూర్పులో ఆ మాటను రాబర్ట్ గిఫెన్ పేరుతో చెప్పాడు, అప్పటి ఉదాహరణ పేద కుటుంబాల రొట్టె. ఐర్లండ్ కరువు, బంగాళాదుంపల కథ తర్వాత పుస్తకాల్లోకి వచ్చింది, దానికి ఆధారం బలహీనం. పంట పోయినప్పుడు ఎక్కువ తినడానికి దుంపలే లేవు. గట్టి ఆధారం చైనా నుంచి వచ్చింది. జెన్సన్, మిల్లర్ 2008లో ప్రచురించారు. హునాన్‌లో నిరుపేద కుటుంబాలకు బియ్యం మీద రాయితీ ఇచ్చి చూస్తే, ధర తగ్గినప్పుడు వాళ్లు బియ్యం తక్కువ తిన్నారు.

సాయంకాలం క్లాసు

ఎందుకో ఇప్పుడు నువ్వే చెప్పగలవు. ధర తగ్గితే ప్రతిస్థాపన ప్రభావం బియ్యం వైపే లాగుతుంది. కానీ ఖర్చులో ఎక్కువ భాగం దానికే పోతున్న ఇంట్లో, ధర తగ్గితే చేతిలో డబ్బు మిగులుతుంది. ఆ మిగులుతో ఇన్నాళ్లూ అందని మంచి పదార్థం కొంటారు, బియ్యం తగ్గిస్తారు. ఆదాయ ప్రభావం అటువైపు లాగి, ప్రతిస్థాపనను మించిపోయింది. రెండు షరతులూ ఉండాలి: అది ఆదాయం పెరిగితే తగ్గించే న్యూన వస్తువు కావాలి, బడ్జెట్‌లో పెద్ద వాటా తినాలి. అందుకే ఇది అరుదు.

ఖరీదైనదని గొప్ప కోసం కొనేది వేరే సంగతి, దీన్ని దాంతో కలపకు. గిఫెన్ ఇల్లు లేమి వల్ల అలా కొంటుంది.

ఇప్పుడు నీకో పని. లెక్కలపిచ్చి గారి అంకెలే తీసుకో. ఎక్స్, వై రెండూ చేతి తొడుగుల్లాంటివైతే, అంటే ఒకటి లేకుండా ఇంకోటి పనికిరాకపోతే? రెండూ ఒకదానికొకటి పూర్తి బదులైతే, అంటే ఏదైనా ఒకటే అయితే?

కొత్త చదువరి

రెండు రోజులు పట్టింది, చేశాను. తప్పులుంటే చెప్పండి.

తొడుగులు: జత ధర 6 + 4 = 10, కాబట్టి 12 జతలు. ఎక్స్ 10 అయితే జత ధర 14, సుమారు 8.6 జతలు. మధ్య మజిలీలో 12 జతలకు 168 కావాలి. 168 ఇస్తే మళ్లీ సరిగ్గా 12 జతలే కొంటాడు, ఎందుకంటే వేరే వైపు జరిగి లాభం లేదు. ప్రతిస్థాపన సున్నా. తగ్గినదంతా ఆదాయ ప్రభావమే. వక్రరేఖ ఎల్ ఆకారంలో వచ్చింది. ఇంటి లెక్క గారి ప్రశ్నకు కూడా ఇక్కడ జవాబు మారుతుందనిపించింది. ఇలాంటి మనిషికి పాత బుట్ట డబ్బు ఇస్తే ఎక్కువ ఇచ్చినట్టు కాదు, సరిగ్గా సరిపోతుంది.

పూర్తి బదులు: వై చవక కాబట్టి డబ్బంతా వై మీదే, 30 వై, ఎక్స్ సున్నా. ఎక్స్ ధర 10 అయినా అతనికి పట్టదు. ఇక్కడ నాకు టెన్షన్ వచ్చింది, ఎందుకంటే రెండు వాలులూ ఎక్కడా సమానం కావడం లేదు. అతని రేటు 1, మార్కెట్ రేటు ఒకటిన్నర. చుక్క అక్షం మీద కూర్చుంది. ఇది సమతౌల్యమేనా?

సాయంకాలం క్లాసు

సమతౌల్యమే. ఇంకా ఎక్స్ మానేసి వైకి జరగాలని ఉంది, కానీ మానేయడానికి ఎక్స్ ఏదీ మిగల్లేదు. దీన్ని కోణ పరిష్కారం అంటారు. వాలులు సమానం కావాలన్న సూత్రం రెండు వస్తువులూ కొంచెమైనా కొంటున్నప్పుడే ఖచ్చితంగా చెల్లుతుంది. ప్రపంచంలో ఉన్న వస్తువుల్లో మనం అసలు కొననివే ఎక్కువ, కాబట్టి ఇది చిన్న సంగతి కాదు. తొడుగుల మీద నువ్వు రాసిన చివరి వాక్యం నేను అడగలేదు, అదే నాకు బాగా నచ్చింది.

ఒకటి మిగిలింది. రెండో లెక్కలో ఎక్స్ ధర కూడా 4 అయితే?

కొత్త చదువరి

బడ్జెట్ రేఖ, ఉదాసీనత రేఖ ఒకదాని మీద ఒకటి పడిపోతాయి. రేఖ మీద ఏ చుక్క అయినా అతనికి ఒకటే. మొత్తం 30 కొంటాడని చెప్పగలం. అందులో ఎక్స్ ఎన్ని, వై ఎన్ని అన్నది ఈ సిద్ధాంతంతో చెప్పలేం.

తక్కెడ

అక్కడ అలవాటు చెబుతుంది. కంటికి ముందు ఏది కనబడిందో అది చెబుతుంది.

సాయంకాలం క్లాసు

అవును తక్కెడ గారూ, అక్కడ మీరు చెప్పిందే.